అంకె పక్కన జీవో: మన జిల్లా కేసుల లెక్క మనమే రాసుకోవడం ఎలా

కోవిడ్ రెండో వేవ్ రోజుల్లో సాయంత్రమయ్యేసరికి ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ ఆరోజు బులెటిన్ ఫోటో తిరిగేది. అంకె పెద్దదైతే టెన్షన్, చిన్నదైతే హమ్మయ్య. మర్నాడు మళ్లీ అదే తంతు. ఆ అంకెను పోయిన వారంతోనో, చేసిన టెస్టులతోనో, ఆ వారం సర్కారు ఇచ్చిన ఉత్తర్వులతోనో కలిపి చూసినవాళ్లు చాలా తక్కువ. కలిపి చూడకపోతే ఆ అంకె మనకు చెప్పేది ఏమీ లేదు.

రేపు మళ్లీ ఏదో ఒకటి వస్తుంది. కోవిడ్‌లోనే కొత్త రకం రావచ్చు, వానాకాలం డెంగీ విజృంభించొచ్చు. 2020 డిసెంబర్‌లో ఏలూరులో చూశాం కదా, ఏ జబ్బో తెలియకుండానే వందల మంది ఫిట్స్ వచ్చి ఆసుపత్రిలో చేరారు. అలాంటప్పుడు మీ జిల్లాలో ఏం జరుగుతోందో, అధికారులు ఏం చేస్తున్నారో మీ అంతట మీరు తెలుసుకోవాలంటే ఒక పద్ధతి ఉండాలి. గూగుల్ షీట్ ఒకటి, అదీ కాకపోతే లాంగ్ నోట్‌బుక్ ఒకటి, రోజుకు పావుగంట చాలు. కింద చెప్పిన ఉదాహరణలు ఎక్కువగా 2020, 2021ల్లో రెండు తెలుగు రాష్ట్రాల్లో జరిగినవి.

1. ముందు హద్దు గీసుకోండి

దేశం లెక్క, రాష్ట్రం లెక్క టీవీవాళ్లు ఎలాగూ చెబుతారు. మీరు పట్టుకోవలసింది మీ జిల్లా. పక్కన ఇంకో రెండు జిల్లాలు పెట్టుకోండి: ఒకటి మీకు ఆనుకున్నది, ఇంకోటి మీవాళ్లు వైద్యానికి వెళ్లే పెద్ద ఊరున్నది. కర్నూలులో ఉండేవారికి ఆ రెండోది హైదరాబాదే అవుతుంది. రాష్ట్రం మారినా సరే, రాసుకోండి. ఎందుకో తర్వాత చెబుతాను.

జిల్లా పేరు పక్కన జనాభా తప్పకుండా ఉండాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం పాత తూర్పుగోదావరిలో 51.5 లక్షల మంది, విజయనగరంలో 23.4 లక్షల మంది. ఒకేరోజు రెండింట్లో 500 చొప్పున కేసులొస్తే పేపర్లో రెండూ సమానంగానే కనిపిస్తాయి. లక్ష మందికి ఎన్ని అని చూస్తే విజయనగరంలో 21, తూర్పుగోదావరిలో 10 కూడా లేవు. ఎక్కడ ఎక్కువ కంగారు పడాలో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇంకో చిక్కు ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. పాత బులెటిన్లో ‘తూర్పుగోదావరి’ అంటే కాకినాడ, కోనసీమ కూడా అందులోవే. ఆ పేరు ఇప్పుడు రాజమహేంద్రవరం చుట్టుపక్కలకే పరిమితం. పాత అంకెనూ కొత్త అంకెనూ ఒకే వరుసలో పెట్టి ‘ఎంత తగ్గిపోయిందో’ అనుకునేరు.

2. బులెటిన్‌లో ఏమేం చూడాలి

రాష్ట్ర ఆరోగ్యశాఖ విడుదల చేసే అసలు బులెటిన్నే తీసుకోండి. ఫార్వర్డ్ అయిన ఫోటో, టీవీ స్క్రోలింగ్ వద్దు. మొదట చూడవలసింది ఏ గంట నుంచి ఏ గంట వరకు అన్నది. ఆంధ్రప్రదేశ్ లెక్క పొద్దుటి నుంచి మర్నాడు పొద్దుటి దాకా ఉండేది. తెలంగాణ సాయంత్రమో రాత్రో ముగించేది, ఆ వేళ కూడా మధ్యలో మారింది. కాబట్టి ‘ఈరోజు’ అన్నమాట రెండు రాష్ట్రాల్లోనూ ఒకే రోజును చెప్పదు.

తర్వాత ఈ ఐదూ రాసుకోండి: చేసిన టెస్టులు, పాజిటివ్‌లు, డిశ్చార్జిలు, మరణాలు, యాక్టివ్ కేసులు. ఏదైనా బులెటిన్లో లేకపోతే గడి ఖాళీగా వదలకండి, ‘ఇవ్వలేదు’ అని రాయండి. సున్నా వేరు, చెప్పకపోవడం వేరు. ఆంధ్రప్రదేశ్ బులెటిన్ మరణాలను జిల్లాల వారీగా ఇచ్చేది. తెలంగాణలో కేసులకు మాత్రమే జిల్లా పట్టిక ఉండేది, మరణాలకు మొత్తం అంకె ఒక్కటే. బులెటిన్లలో సరైన సమాచారం లేదని 2020 జులైలో తెలంగాణ హైకోర్టు ప్రభుత్వాన్ని గట్టిగానే మందలించింది. ఏ వివరం ఏ తేదీ నుంచి ఆగిపోయిందో మీ షీటులో ఉంటే, అలాంటి ప్రశ్న వేయడానికి మీకూ ఆధారం ఉంటుంది.

యాక్టివ్ కేసుల విషయంలో కాస్త జాగ్రత్త. మొత్తం కేసుల్లోంచి డిశ్చార్జిలు, మరణాలు తీసేస్తే వచ్చేదే అది. అంటే డిశ్చార్జి రూలు మారితే జబ్బు తగ్గకపోయినా యాక్టివ్ కేసులు తగ్గుతాయి. 2020 మే 8న కేంద్రం అలాగే మార్చింది. లక్షణాలు స్వల్పంగా ఉన్నవారిని 10 రోజులు గడిచి, జ్వరం లేకపోతే మళ్లీ టెస్టు చేయకుండానే పంపొచ్చంది. వైద్యపరంగా సరైన నిర్ణయమే కావచ్చు. లెక్క రాసేవారు మాత్రం ఆ తేదీ దగ్గర అడ్డగీత గీసి, గీతకు అటూ ఇటూ ఉన్న అంకెల్ని విడివిడిగా చూడాలి.

3. రోజు లెక్క వదిలేసి వారం లెక్క పట్టుకోండి

ఆదివారం శాంపిల్స్ తగ్గుతాయి. సోమవారం బులెటిన్ చల్లగా ఉంటుంది. మంగళ, బుధవారాలకి మళ్లీ పెరుగుతుంది. సంక్రాంతి మూడు రోజులైతే చెప్పనే అక్కర్లేదు. అందుకే సోమవారం నుంచి ఆదివారం దాకా కలిపి ఒక అంకె చేయండి. పోయిన వారంతో పోల్చండి. వరసగా రెండు వారాలు ఒకే దిక్కుకు వెళ్తే తప్ప పెరిగిందనో తగ్గిందనో అనకండి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన లెక్క, పాజిటివిటీ రేటు. నూరు టెస్టులు చేస్తే ఎందరికి పాజిటివ్ వచ్చిందన్నది. 2020 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక గీటురాయి చెప్పింది: రెండు వారాలపాటు ఇది 5 శాతం లోపుంటేనే ఆంక్షలు సడలించే ఆలోచన చేయాలని.

ఒక జిల్లా ఉందనుకుందాం. పోయిన వారం 14,000 టెస్టులు, 700 పాజిటివ్‌లు. ఈ వారం 9,000 టెస్టులు, 630 పాజిటివ్‌లు. మర్నాడు పేపర్లో ‘కేసులు తగ్గుముఖం’ అని హెడ్డింగ్ వస్తుంది. అబద్ధమేమీ కాదు, 70 తగ్గాయి మరి. మీ షీటులో మాత్రం రేటు 5 నుంచి 7కు ఎక్కింది. తగ్గినవి టెస్టులు. జబ్బు పెరుగుతోంది.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. 2021 ఏప్రిల్ చివర్లో తెలంగాణలో రోజువారీ కేసులు 10 వేలు దాటాయి, టెస్టులు లక్ష దాకా వెళ్లాయి. మే నెలలో టెస్టులు 60, 70 వేలకు దిగాయి, కేసులూ దిగాయి. ఎందుకు తగ్గించారని హైకోర్టు కూడా అడిగింది. ఆంధ్రప్రదేశ్‌లో అదే మే 16న 24,171 కేసులొచ్చాయి. దేశమంతా ఆ అంకె చూసి నోరెళ్లబెట్టింది. ఆరోజు చేసినవి దాదాపు 94 వేల టెస్టులు, అంటే నాలుగింటికి ఒకటి పాజిటివ్. అంకె పెద్దదని కాదు, అన్ని టెస్టులు చేసినా నూటికి పాతిక తేలడమే అసలు భయపడవలసిన సంగతి. బయట ఇంకా ఎందరున్నారో ఆ రేటే చెబుతుంది.

ఏ రకం టెస్టో కూడా కనుక్కోండి. అరగంటలో తేలే ర్యాపిడ్ యాంటిజెన్ టెస్టులో పాజిటివ్ వస్తే నమ్మొచ్చు, నెగెటివ్‌ను అంతగా నమ్మలేం. లక్షణాలుండి అందులో నెగెటివ్ వస్తే ఆర్‌టీపీసీఆర్ చేయాలన్నది భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) పెట్టిన నియమం. రెండింటినీ కలిపేసి మొత్తంగా ఒక్క అంకె ఇచ్చిన జిల్లాలో రేటు తక్కువ కనిపిస్తే సంతోషించే ముందు ఏవి ఎన్ని చేశారో విడిగా అడగాలి.

4. అంకె పక్కన జీవో

ఇక్కడిదాకా చాలామంది వస్తారు. ప్రభుత్వం చేసిన పనిని తేదీతో సహా అదే షీటులో పెట్టేవాళ్లు మాత్రం అరుదు. నా దృష్టిలో ఈ మొత్తం పనిలో విలువైన భాగం ఇదే.

షీటులో ఇంకో ఐదు గడులు చేర్చండి: ఉత్తర్వు తేదీ, నంబరు, ఎవరిచ్చారు, ఏం చెప్పారు, ఎప్పటి నుంచి అమలు. చివర్లో ఆరో గడి ‘నేల మీద’ అని పెట్టండి. దాన్ని నింపడం తర్వాతి మెట్టు.

ఉత్తర్వులు మూడు చోట్ల పుడతాయి. కేంద్రం మార్గదర్శకాలు ఇస్తుంది. రాష్ట్రం జీవోలు ఇస్తుంది, ఎక్కువగా వైద్య ఆరోగ్య శాఖ నుంచి, తెలంగాణలో కర్ఫ్యూ, లాక్‌డౌన్‌లైతే సాధారణ పరిపాలన శాఖ నుంచి. జిల్లాలో కలెక్టర్ ప్రొసీడింగ్స్ ఇస్తారు. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా అథారిటీకి అధ్యక్షులు కలెక్టరే. కంటైన్‌మెంట్ జోన్లు, దుకాణాల వేళలు, ఫలానా ఆసుపత్రిని కోవిడ్‌కు కేటాయించడం, ఇవన్నీ ఆయన సంతకంతోనే వస్తాయి. మీ వీధికి నిజంగా తగిలేది ఈ మూడో రకమే. పేపర్లో వచ్చేది మాత్రం మొదటి రెండే ఎక్కువ. కలెక్టరేట్ వెబ్‌సైటు, సమాచార పౌర సంబంధాల శాఖ ప్రెస్‌నోట్, గ్రామ సచివాలయం నోటీసు బోర్డు, వీటిని వారానికి ఒకసారైనా చూడండి.

ప్రెస్‌మీట్‌లో మంత్రి చెప్పింది జీవో కాదు. ‘చేస్తాం’, ‘ఆదేశించాం’, ‘ఉత్తర్వులు జారీ అయ్యాయి’, ఈ మూడూ వేర్వేరు. మూడోదైతేనే నంబరు ఉంటుంది. నంబరు లేనిదాన్ని షీటులో పెన్సిల్‌తో రాసినట్టు వేరే రంగులో పెట్టండి.

ఇలా రాసుకుంటే ఏం కనిపిస్తుందో 2021 మే చూడండి. ఆంధ్రప్రదేశ్ మే 5 నుంచి మధ్యాహ్నం 12 తర్వాత కర్ఫ్యూ పెట్టింది. తెలంగాణ ఏప్రిల్ 20న రాత్రి కర్ఫ్యూతో మొదలుపెట్టి, మే 12 నుంచి లాక్‌డౌన్‌కు వెళ్లింది, ఉదయం 6 నుంచి 10 దాకా సడలింపు. ఈ తేదీల్ని వారం లెక్కల పక్కన పెట్టినప్పుడు ఒక్క విషయం మర్చిపోవద్దు. ఈరోజు ఆంక్ష పెడితే దాని ఫలితం కేసుల్లో కనిపించడానికి పది రోజులు, రెండు వారాలు పడుతుంది, మరణాల్లో కనిపించడానికి ఇంకా ఎక్కువ. కర్ఫ్యూ పెట్టిన మూడో రోజునే కేసులు తగ్గాయని ఎవరైనా చంకలు గుద్దుకుంటే నమ్మకండి. మూడో రోజుకి తగ్గలేదు కాబట్టి దండగ అనేవాళ్లనూ నమ్మకండి.

పక్క రాష్ట్రం ఉత్తర్వులు ఎందుకంటే, అదే మేలో ఆంధ్రప్రదేశ్ నుంచి రోగులతో వస్తున్న అంబులెన్సులను తెలంగాణ పోలీసులు సరిహద్దు చెక్‌పోస్టుల దగ్గర ఆపేశారు. ముందే ఆసుపత్రితో మాట్లాడుకుని అనుమతి తెచ్చుకోవాలని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. మే 14న హైకోర్టు దాన్ని నిలిపేసింది. కర్నూలువాళ్లకు ఆ నాలుగైదు రోజుల్లో ముఖ్యమైన ఉత్తర్వు అమరావతిది కాదు, హైదరాబాద్‌ది.

5. ‘నేల మీద’ గడి నింపడం

2020 జూన్‌లో తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రులకు రోజువారీ ధరలు ఖరారు చేసింది: ఐసోలేషన్ వార్డుకు 4,000 రూపాయలు, ఐసీయూకు 7,500, వెంటిలేటర్‌తో 9,000. ల్యాబులో టెస్టుకు 2,200. కాగితం మీద స్పష్టంగా ఉంది. ఆ రోజుల్లో బిల్లు కట్టినవారిని అడిగితే పీపీఈ కిట్లని, మందులని, కన్సల్టేషన్ అని వేరే వరుసలు చూపిస్తారు. ఇలాంటి జీవోకు ‘నేల మీద’ గడిలో రాయవలసింది విన్న కబుర్లు కాదు. మీకు తెలిసిన కుటుంబాలను అడిగి బిల్లు ఫోటో తీసుకోండి. రోగి పేరు, ఫోన్ నంబరు చెరిపేసి, గది ఛార్జీ ఎంత, మిగతావి ఎంత అని రెండు అంకెలు రాయండి. ఇలాంటివి ఓ పదిహేను ఉంటే అది ఫిర్యాదు కాదు, సాక్ష్యం.

పీహెచ్‌సీకి వారానికొకసారి వెళ్లండి, ఓపీ రద్దీ తగ్గాక. సూపర్‌వైజర్ దగ్గర పెద్ద ప్రశ్నలు వేయకండి, కుర్చీ చూపించి జిల్లా వైద్య ఆరోగ్యాధికారి (డీఎంహెచ్‌వో) ఆఫీసుకు వెళ్లమంటారు. ఏఎన్‌ఎం గారిని మామూలుగా అడగండి: “ఈ వారం కిట్లు ఎన్నొచ్చాయమ్మా? మధ్యాహ్నంలోపే అయిపోతున్నాయా? శాంపిల్ ఇచ్చినవాళ్లకి రిజల్టు ఎన్నాళ్లకి వస్తోంది?” ఈ మూడో ప్రశ్నకు జవాబు చాలా సంగతులు చెప్పేస్తుంది. రెండు రోజులు అన్నచోట ఐదు రోజులు అంటే, ఈరోజు బులెటిన్లో ఉన్నది పోయిన వారం జబ్బు. ఆశా కార్యకర్తను కూడా కదపండి. ఏ వీధిలో జ్వరాలెక్కువున్నాయో బులెటిన్ కంటే ముందు ఆమెకే తెలుస్తుంది.

పడకల విషయంలో ‘ఎన్ని ఉన్నాయి’ అని అడిగితే ఎప్పుడూ సరిపడా ఉన్నట్టే చెబుతారు. ఆక్సిజన్ పడకలు ఎన్ని, అందులో ఖాళీ ఎన్ని, ఆక్సిజన్ ట్యాంకరు ఎక్కడి నుంచి, ఎన్ని రోజులకొకసారి వస్తుంది అని విడగొట్టి అడగండి. 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ట్యాంకరు రావడం ఆలస్యమై ఆక్సిజన్ ప్రెషర్ పడిపోయింది. అధికారిక లెక్క ప్రకారమే 11 మంది పోయారు. ఆసుపత్రి ఉంది, పడకలున్నాయి, రోగులు పడకల మీదే ఉన్నారు. పడకల పట్టికలో ఆ ప్రమాదం కనిపించదు.

6. మరణాల లెక్క వేరే పేజీలో

కేసులతో కలపకండి. మరణం కేసు కంటే రెండు మూడు వారాలు వెనక నడుస్తుంది. ఈరోజు మరణాల్ని ఈరోజు కేసులతో భాగించి శాతం తీయడం టీవీ డిబేట్లకు సరిపోతుందేమో గానీ మీ షీటుకు వద్దు.

రెండోది, అధికారిక అంకెను కింది హద్దుగా మాత్రమే తీసుకోండి. కోవిడ్‌తో పోయినవారి కుటుంబాలకు 50,000 రూపాయల పరిహారం ఇవ్వాలని 2021లో తేలాక దరఖాస్తులు వెల్లువెత్తాయి. టెస్టు చేసిన 30 రోజుల్లోపు చనిపోతే, ఇంట్లో పోయినా సరే, లెక్కలోకి వస్తుందన్నారు. 2022 జనవరిలో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన అంకెలు చూడండి: ఆంధ్రప్రదేశ్ అధికారిక మరణాలు 14,471, వచ్చిన దరఖాస్తులు దాదాపు 36 వేలు. తెలంగాణలో అధికారికంగా 3,993, దరఖాస్తులు దాదాపు 29 వేలు. దరఖాస్తులన్నీ నిజం కాకపోవచ్చు, ఒకే ఇంటి నుంచి రెండు కూడా వెళ్లుండొచ్చు. ఐనా ఏడు రెట్లు అన్న తేడా దానితో తీరదు.

మీ ఊరికైతే సూటి దారి ఒకటుంది. పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో జనన మరణాల రిజిస్టరు ఉంటుంది. జబ్బు ప్రబలిన నెలల్లో ఎన్ని మరణాలు నమోదయ్యాయి, అంతకుముందు మూడేళ్లలో అవే నెలల్లో ఎన్ని? పేర్లు అక్కర్లేదు, కారణమూ అక్కర్లేదు. నెలకు ఒక అంకె చాలు. ఆలస్యంగా నమోదయ్యేవి ఉంటాయి కాబట్టి రెండు నెలలాగి అడగండి.

7. బులెటిన్‌కు బయట ఉన్న కొలతలు

ఇవి మీరు చేసేవి కావు, దొరికితే రాసుకునేవి. హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే పరిశోధన సంస్థ 2020 ఆగస్టులో మురుగునీటి శాంపిల్స్‌ను బట్టి నగరంలో దాదాపు 6.6 లక్షల మందికి అప్పటికే సోకి ఉంటుందని అంచనా వేసింది. బులెటిన్ అంకె దాని దరిదాపుల్లో కూడా లేదు. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ రక్తపరీక్షలతో చేసిన సీరో సర్వేలో దాదాపు 20 శాతం మందికి యాంటీబాడీలు, అంటే అప్పటికే సోకిన ఆనవాళ్లు, కనిపించాయి. ఇలాంటి సర్వే ఏదైనా వస్తే మీ జిల్లా పేరు అందులో ఉందేమో చూడండి. ఐసీఎంఆర్ సర్వేల్లో తెలంగాణ నుంచి జనగామ, కామారెడ్డి, నల్లగొండ ఉండేవి, ఆంధ్రప్రదేశ్ నుంచి కృష్ణా, నెల్లూరు, విజయనగరం.

8. అడగడం

షీటులో ఖాళీలు కనిపించాక సమాచార హక్కు చట్టం తీయండి. రెండు రాష్ట్రాల్లోనూ గ్రామ స్థాయిలో దరఖాస్తుకు ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు 30 రోజుల గడువు. ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించినదైతే 48 గంటల్లో ఇవ్వాలి. ‘కోవిడ్ నివారణకు ఏం చేశారు?’ అని అడిగితే రెండు పేజీల ఉపన్యాసం వస్తుంది. ‘ఏప్రిల్ 1 నుంచి మే 31 వరకు ఫలానా పీహెచ్‌సీకి వచ్చిన యాంటిజెన్ కిట్లు, వాడినవి, మిగిలినవి, తేదీల వారీగా, స్టాక్ రిజిస్టర్ నకలుతో’ అని అడిగితే రిజిస్టరే వస్తుంది. చిరునామా డీఎంహెచ్‌వో కార్యాలయంలోని ప్రజా సమాచార అధికారి. ఆసుపత్రి జిల్లా, ఏరియా ఆసుపత్రైతే జిల్లా ఆసుపత్రుల సమన్వయాధికారి, అంటే డీసీహెచ్‌ఎస్ ఆఫీసు.

9. నలుగురికీ చెప్పేటప్పుడు

వారానికి ఒక్కసారే పెట్టండి: రేటు, లక్షకు ఎన్ని, ఖాళీ ఆక్సిజన్ పడకలు, ఆ వారం ఉత్తర్వులు. ఎక్కడి నుంచి తీసుకున్నారో, ఏ తేదీవో రాయండి. పాజిటివ్ వచ్చినవారి పేరు గానీ ఇంటి గుర్తు గానీ ఎప్పుడూ పెట్టకండి. 2020లో వీధి పేరు బయటపడితే ఆ ఇంటికి పాలు పోయడం మానేసినవాళ్లున్నారు. రూఢి చేసుకోని హెచ్చరిక ఫార్వర్డ్ చేస్తే అదీ చిక్కే. తప్పుడు హెచ్చరికతో జనాన్ని భయపెడితే విపత్తు నిర్వహణ చట్టం 54వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు ఉంది.

10. దాచిపెట్టడం, బులెటిన్ ఆగాక

ప్రతి బులెటిన్ పీడీఎఫ్‌ను, ప్రతి జీవోను తేదీ పేరుతో డౌన్‌లోడ్ చేసి దాచండి. లింకులను నమ్ముకోవద్దు. దేశమంతా ఆధారపడిన వాలంటీర్ల వెబ్‌సైటు కోవిడ్19ఇండియా 2021 అక్టోబర్ 31తో ఆగిపోయింది. ప్రభుత్వ డ్యాష్‌బోర్డులూ అంతే, సర్వర్ మారితే పాత పేజీ తెరుచుకోదు.

రోజువారీ బులెటిన్ ఆగిపోయిందంటే జబ్బు పోయిందని కాదు. సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం, అందరూ ఐడీఎస్‌పీ అనేది, 2004 నుంచి నడుస్తూనే ఉంది. ఏఎన్‌ఎంలు లక్షణాల లెక్క, డాక్టర్లు అనుమానిత కేసుల లెక్క, ల్యాబులు తేలిన కేసుల లెక్క ఆన్‌లైన్‌లో ఎక్కిస్తుంటారు. జిల్లా నిఘా విభాగం డీఎంహెచ్‌వో ఆఫీసులోనే ఉంటుంది. ఎక్కడెక్కడ జబ్బులు ప్రబలాయో వారం వారం ఇచ్చే నివేదికలు కేంద్రం వెబ్‌సైటులో ఉంటాయి. రోజుకు పావుగంట మానేసి, నెలకోసారి అవి తెరిచి మీ జిల్లా పేరు వెతకండి. కనిపిస్తే షీటు మళ్లీ మొదటి గడి నుంచి.